బేరింగ్ పోతే టబ్బు మొత్తం ఎందుకు మార్చాలి?

మెకానిక్ మా వాషింగ్ మిషన్ డ్రమ్మును చేత్తో ఒక చుట్టు తిప్పాడు. గరగర. "బేరింగ్ పోయింది సార్." స్పిన్‌కి వచ్చినప్పుడల్లా వంటింట్లో బోరు లారీ పెట్టినంత మోత ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆరేళ్ల మిషన్. మార్చేయమన్నాను. "బేరింగ్ విడిగా రాదు సార్, టబ్ అసెంబ్లీ మొత్తం వేయాలి." లోపల ఉన్నవి 6205, 6206 నంబర్ల బేరింగులు, ఏ బేరింగుల షాపులోనైనా వందల రూపాయల్లో దొరికే సరుకు. టబ్బు ధర మాత్రం కొత్త మిషన్‌లో సగానికి దగ్గరగా చెప్పాడు.

పాత మిషన్లే గట్టివని అందరూ అంటారు. అందులో కొంత జ్ఞాపకాల మాయ ఉంది. పాతికేళ్లు నడిచినదే గుర్తుంటుంది, మూడేళ్లకే పాత సామాన్ల బండి ఎక్కినవి గుర్తుండవు. కానీ ఈ టబ్బు సంగతి మాయ కాదు.

ఫ్రంట్ లోడ్ మిషన్‌లో బట్టలు వేసే స్టీలు డ్రమ్ము చుట్టూ, నీళ్లు నిలిచే మరో టబ్బు ఉంటుంది. దాని వెనక గోడలోనే బేరింగులు కూర్చుంటాయి. యూరప్‌లో ఒకప్పుడు ఈ టబ్బును ఎనామెల్ పూసిన ఇనుప రేకుతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసేవారు. వెనక పలక బోల్టులు విప్పితే బేరింగులు అందేవి. 1980ల నుంచి ప్లాస్టిక్ టబ్బులు పెరిగాయి. నన్నడిగితే అది చెడ్డ మార్పేమీ కాదు. తుప్పు పట్టదు, చప్పుడు తక్కువ, చవక. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. రెండు చిప్పలుగా పోసిన టబ్బును స్క్రూలతో బిగించకుండా, కరిగించి అతికించేయడం మొదలైంది. ఫ్యాక్టరీకి స్క్రూల ఖర్చూ, బిగించే టైమూ మిగిలాయి, అతుకు దగ్గర లీకేజీ భయం తగ్గింది. విప్పే దారి మాత్రం మూసుకుపోయింది.

పైగా స్పిన్ వేగం పెరిగింది. నిమిషానికి 500 చుట్లు తిరిగే మిషన్లు పోయి 1000, 1400 తిరిగేవి వచ్చాయి. వేగం రెట్టింపైతే తడిబట్టలు డ్రమ్మును బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. బట్టలు ఒక పక్కకు చేరితే ఆ లాగుడు బేరింగుల మీదే పడుతుంది. డ్రమ్మును పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం స్పైడర్‌నేమో సబ్బునీళ్లు మెల్లగా తినేస్తుంటాయి.

అమెరికాలో మేట్యాగ్ కంపెనీ 1967లో మొదలుపెట్టిన ప్రకటనలో రిపేరు మనిషి పనిలేక ఈగలు తోలుకుంటూ ఉంటాడు. మిషన్లు చెడవు కాబట్టి ఆయన్ని పిలిచేవాళ్లే లేరు. 2006లో ఆ కంపెనీని వర్ల్‌పూల్ కొనేసింది, మరుసటి ఏడాది అయోవాలోని న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో మిషన్ మీద 'మోటారుకు 10 ఏళ్ల వారంటీ' స్టిక్కర్ ఉంటుంది. రాపిడికి అరిగే కార్బన్ బ్రష్‌లు లేని మోటారు ఎలాగూ అంత తేలిగ్గా పోదు. పోయేవి ఎలక్ట్రానిక్ బోర్డు, బేరింగు. వాటికి మామూలుగా రెండేళ్లే.

జర్మనీ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనంలో, కొత్తగా అమ్ముడైన పెద్ద గృహోపకరణాల్లో ఐదేళ్లలోపే చెడిపోయిన వాటి స్థానంలో కొన్నవి 2004లో 3.5 శాతం, 2012లో 8.3 శాతమని తేలింది. 2021 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్ ఒక నిబంధన తెచ్చింది. మోడల్ ఆగిపోయాక కూడా 10 ఏళ్లు స్పేర్లు ఇవ్వాలి. జాబితాలో బేరింగులూ ఉన్నాయి. అయితే డ్రమ్ము, స్పైడర్, బేరింగులు "విడిగా గానీ, కలిపి గానీ" ఇవ్వవచ్చన్నారు. ఆ 'కలిపి గానీ' ఎవరి కోసం పెట్టారో వేరే చెప్పాలా? మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. రిపేరు వివరాలు, సర్వీస్ సెంటర్ల సమాచారం దొరికే చోటు అది. అతికించిన టబ్బును అది విప్పలేదు.

మా మెకానిక్ విప్పాడు. హ్యాక్సా బ్లేడుతో అతుకు వెంబడి చుట్టూ కోసి, బేరింగులూ ఆయిల్ సీలూ మార్చి, అంచుకు సిలికాన్ పూసి, పాతిక స్క్రూలు బిగించాడు. సాయంత్రమైంది. "మళ్లీ పోతే ఇంక కోయక్కర్లేదు సార్, స్క్రూలు విప్పడమే" అన్నాడు.