తవుడు నూనె: మిల్లు నుంచి ప్లాంటు దాకా గంటల లెక్క

100 కిలోల వడ్లు ఆడిస్తే 20 కిలోల దాకా ఊక, 7-8 కిలోల తవుడు వస్తాయి. ఆ తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అయినా చాలాకాలం అది పశువుల కుడితిలోకి పోయింది, నూనె తీసినా ఎక్కువగా సబ్బుల తయారీకే వెళ్లింది. తీయడం చేతగాక కాదు, తీసేలోపే నూనె చెడిపోవడం వల్ల.

గింజలో నూనె ఒక పొరలో, దాన్ని విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ మరో పొరలో ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలుస్తాయి. ఉక్కపోత రోజుల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ, అంటే విడివడిన కొవ్వు ఆమ్లాలు, రోజుకు 5-7 శాతం దాకా పెరుగుతాయి. మిల్లులో రెండు మూడు రోజులు బస్తాల్లో మగ్గిన తవుడు నూనెను వంటకు తేవాలంటే శుద్ధిలో పోయే నూనె లాభాన్ని మింగేస్తుంది.

మొదటి చిక్కు మిల్లు దగ్గరే ఉండేది. పాత హల్లర్లు పొట్టునూ తవుడునూ ఒకే దెబ్బలో తీసేవి. ఊక కలిసిన ఆ చిట్టులో నూనె తక్కువ, ఇసుక ఎక్కువ. 1958లో రైస్ మిల్లింగ్ పరిశ్రమ నియంత్రణ చట్టం వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో పొట్టు మాత్రమే తీసే రబ్బరు రోలర్ షెల్లర్లు, విడిగా పాలిషర్లు విస్తరించాకే శుభ్రమైన తవుడు చేతికొచ్చింది. ఉప్పుడు బియ్యం మిల్లులకు మరో వెసులుబాటు ఉంది: వడ్లను ఆవిరి పట్టేటప్పుడే లైపేజ్ చాలావరకు చచ్చిపోతుంది, నూనె కూడా 20-25 శాతం వస్తుంది. కానీ రంగు ముదురు, ప్రత్యేక మట్టితో రంగు తీసే బ్లీచింగ్‌లో అది అంత తేలిగ్గా వదలదు.

పచ్చి బియ్యపు తవుడుకు మందు వేడి. 11-13 శాతం తేమ ఉన్న తవుడును ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే ఒత్తిడితో నెట్టే యంత్రంలో, 125-130 డిగ్రీలకు కొన్ని సెకన్లు వేడిచేసి, మూడు నిమిషాలు సుమారు 98 డిగ్రీల దగ్గర నిలిపితే ఎంజైమ్ మళ్లీ లేవదు. ఈ పద్ధతి 1980లలోనే అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో తేలింది. మన దగ్గర చిన్న మిల్లు రోజుకు ఇచ్చే తవుడు కాస్తే, దానికి విడిగా ఎక్స్‌ట్రూడర్ పెడితే గిట్టదు. అందుకే చాలామంది నమ్ముకున్నది లారీనే: ఈరోజు తవుడు ఈరోజే ప్లాంటుకు చేరాలి. అక్కడ ఆవిరి పట్టి గుళికలు చేస్తారు. పొడిగానే పోస్తే నూనెను కరిగించి లాగే ద్రావకం హెక్సేన్ కిందికి దిగదు, బెడ్ బిగుసుకుపోతుంది.

నూనె వచ్చాక శుద్ధిలో కొత్త వ్యర్థాలు పుడతాయి. కాస్టిక్ సోడాతో ఆమ్లాన్ని సబ్బుగా మార్చి తీసే పాత పద్ధతిలో, ఆ సోప్‌స్టాక్ మంచి నూనెను కూడా లాక్కెళ్తుంది. దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విడగొడితే యాసిడ్ ఆయిల్ సబ్బులవాళ్లకు, ఆమ్లపు నీళ్లు శుద్ధి కేంద్రానికి. ఇంతకీ అసలు నష్టం తవుడు నూనెలోని యాంటీఆక్సిడెంట్ ఓరైజనాల్‌ది. 1950లలో జపాన్‌లో గుర్తించిన ఈ పదార్థం పేరు చెప్పే ఇవాళ తవుడు నూనె అమ్ముతున్నారు. కాస్టిక్ శుద్ధిలో అందులో అధిక భాగం సోప్‌స్టాక్‌లోకే జారిపోతుంది!

ఆవిరితో ఆమ్లాన్ని ఎగరగొట్టే భౌతిక శుద్ధిలో ఓరైజనాల్ నిలుస్తుంది. అయితే ముందుగా జిగురు, అంటే ఫాస్ఫరస్ ఉన్న కొవ్వు పదార్థాలు, పోవాలి; ఫాస్ఫరస్ 5 పీపీఎం లోపుకు దిగాలి. లేదంటే 250 డిగ్రీల దగ్గర నూనె నల్లబడుతుంది. తవుడు నూనె జిగురు ఒట్టి నీటికి పూర్తిగా రాదు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఎంజైమ్‌తో జిగురు తీసే పద్ధతిని రూపొందించింది ఈ ముడి విప్పడానికే. తర్వాత మైనం: నూనెను మెల్లగా 15-20 డిగ్రీలకు చల్లార్చి వడకట్టాలి. తొందరపడితే స్ఫటికాలు సన్నగా ఏర్పడి ఫిల్టర్ గుడ్డ మూసుకుపోతుంది. వాడేసిన బ్లీచింగ్ మట్టి ఇంకా మొండిది. నూనె పీల్చుకున్న ఆ మట్టిని కుప్పగా వదిలేస్తే గాలి తగిలి వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది.

ఇక బరువులో 80 శాతానికి పైగా మిగిలేది నూనె తీసిన తవుడు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో వెదురు గడలకు వేలాడే చిల్లుల సంచుల్లో మేతగా ఉండేది ప్రధానంగా ఇదే. ప్లాంటు తవుడుకు ఎంత ధర ఇవ్వగలదో నూనె కంటే ఒక్కోసారి ఇదే తేలుస్తుంది. పశువుల దాణా ధరలు పెరిగాయని 2023 జూలైలో కేంద్రం దీని ఎగుమతిని నిషేధించి, ఆ గడువును పలుమార్లు పొడిగించి, 2025 అక్టోబరులో ఎత్తేసింది. కొనేవాళ్లు తగ్గి ఇది గోదాములో పేరుకుంటే ప్లాంటు తవుడు కొనడం తగ్గిస్తుంది, మిల్లులో బస్తాలు ఆగుతాయి, ఎఫ్‌ఎఫ్‌ఏ పెరుగుతుంది.