ఆ పైపు ఇంకా ఎందుకుంది?

రెండేళ్ల కింద మా పెదనాన్నకి తుంటి ఆపరేషన్ అయింది. మూడో రోజు ఎక్స్‌రేకి తీసుకెళ్తుంటే వార్డ్ బాయ్ మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగ్ ఊడదీసి, ఎంచక్కా పెదనాన్న పొట్ట మీద పెట్టి స్ట్రెచర్ తోసేశాడు. నేనూ పక్కనే నడిచా, ఏమీ అనిపించలేదు. లిఫ్ట్‌లోకి వెళ్లాక చూస్తే ట్యూబ్‌లో పసుపు నీళ్లు వెనక్కి పాకుతున్నాయి, అంటే మనిషి లోపలికే. అది తప్పని అప్పటికీ తెలీదు నాకు. ఆరో రోజు చలిజ్వరం వచ్చాక చదవడం మొదలుపెట్టా.

మామూలుగా మనం మూత్రానికి వెళ్లినప్పుడల్లా ఆ దారి కడిగినట్టవుతుంది, క్రిములు ఎక్కబోయినా కొట్టుకుపోతాయి. మూత్రం బ్యాగ్‌లోకి పోయేలా పైపు (క్యాథెటర్) వేస్తే ఆ కడుగుడు ఆగిపోతుంది. నర్సులు ఫోలీస్ అంటారే ఆ పైపుని, 1930ల్లో ఫ్రెడరిక్ ఫోలీ అనే అమెరికన్ డాక్టర్ తెచ్చాడు కాబట్టి ఆ పేరు. దాని కొసన చిన్న బెలూన్ ఉంటుంది, పైపు జారిపోకుండా అదే ఆపుతుంది, కానీ మూత్రం బయటికి పోయే కన్నం బెలూన్‌కి పైన ఉంటుంది, దాంతో అడుగున ఎప్పుడూ కాస్త నిలవ ఉండిపోతుంది. నిలవ నీళ్ల సంగతి మనకి చెప్పాలా! క్రిములు చర్మం మీంచి పైపు బయటి గోడ పట్టుకుని ఎక్కుతాయి, లేదా బ్యాగ్‌లోంచి పైపు లోపలగా ఎక్కుతాయి. ఎక్కాక గోడకి బంకలాంటి పొర కట్టుకుని కూర్చుంటాయి, దాన్నే బయోఫిల్మ్ అంటారు. నీళ్ల బిందె నాలుగు రోజులు తోమకపోతే లోపల చేతికి జారుడుగా తగుల్తుంది చూడండి, అలాంటిదే. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. అందుకే ఎందుకైనా మంచిదని ముందే యాంటీబయాటిక్ వేసేయడం తెలివితక్కువ పని, మొండి క్రిములు తయారవుతాయి అంతే.

ఒకప్పుడు పైపు చివర మూతలేని సీసాలో పెట్టేవాళ్లు, నాలుగు రోజులకల్లా దాదాపు అందరి మూత్రంలోనూ బాక్టీరియా చేరేది. మూసి ఉండే బ్యాగ్ వచ్చాక అది రోజుకి 3 నుంచి 7 శాతానికి తగ్గింది. తగ్గింది గానీ రోజుకి అన్నది గమనించండి, రోజులు పెరిగేకొద్దీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

అయితే బాక్టీరియా ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ పెట్టిన లెక్క ప్రకారం పైపు వేసి రెండు రోజులు దాటి ఉండాలి, జ్వరం 100.4 దాటడమో పొత్తికడుపు నొప్పో ఇంకేదో లక్షణం ఉండాలి, కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఒక మిల్లీలీటరుకి కనీసం లక్ష బాక్టీరియా కనబడాలి. మా పెదనాన్న అన్నిట్లోనూ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. ఆ శాంపిల్ కూడా కొత్త నర్సు బ్యాగ్‌లోంచి పట్టబోతే పెద్ద సిస్టర్ కసిరింది, ట్యూబ్‌కి ఉన్న పోర్టు తుడిచి అక్కణ్ణుంచి సిరంజితో లాగాలట, బ్యాగ్‌లో గంటల తరబడి ఉన్నదాంట్లో క్రిములు ఎలాగూ పెరుగుతాయిగా.

ఇక ఆసుపత్రి మొత్తానికి కొలవాలంటే రోజూ ఒకే టైముకి వార్డులో ఎంతమందికి పైపు ఉందో లెక్కపెడతారు. ఆరుగురికి ఉంటే ఆ రోజు ఆరు క్యాథెటర్ డేస్. వచ్చిన ఇన్ఫెక్షన్లని మొత్తం క్యాథెటర్ డేస్‌తో భాగించి వెయ్యితో గుణిస్తారు. ఇక్కడే ఒక తమాషా ఉంది. నెలకి 400 క్యాథెటర్ డేస్, ఇద్దరికి ఇన్ఫెక్షన్ అనుకోండి, రేటు 5. సిస్టర్లు పట్టుబట్టి అక్కర్లేని పైపులన్నీ తీసేశారు, 150 డేస్‌కి దిగింది, ఇన్ఫెక్షన్ ఒక్కరికే వచ్చింది. రేటేమో 6.7! జబ్బుపడ్డవాళ్లు సగమయ్యారు, కాగితం మీద మాత్రం వార్డు చెడిపోయింది. ఎందుకంటే తేలిగ్గా తీసేయగలిగినవాళ్లు లెక్కలోంచి పోయి, బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లే మిగిలారు. అందుకే రేటు ఒక్కటే చూసి మార్కులేస్తే మంచి పని చేసినవాళ్లకే తిట్లు పడతాయి, అసలు ఎంతమందికి పైపులు వేస్తున్నారన్నది కూడా దాంతో పాటు చూడాలి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది 2000లో సంజయ్ సెయింట్ అనే డాక్టరు, ఆయన టీమూ వేసిన పేపర్. పైపు ఉన్న పేషెంట్ల డాక్టర్లని అడిగితే 28 శాతం సందర్భాల్లో తమ పేషెంటుకి పైపు ఉన్న సంగతే ఆ డాక్టర్లకి తెలీదు! ఇంక తీసేదెవరు? అదే డాక్టర్ల బృందం తర్వాత 603 అమెరికన్ ఆసుపత్రుల్లో "ఈ పైపు ఇవాళ అవసరమా" అని రోజూ అడిగించడం, వేసేటప్పుడు శుభ్రత, ఎన్ని ఇన్ఫెక్షన్లు వచ్చాయో ఆ లెక్క వార్డు వాళ్లకే చూపించడం లాంటివి పెట్టించి 2016లో ఫలితాలు వేసింది. మామూలు వార్డుల్లో ఇన్ఫెక్షన్లు దాదాపు మూడోవంతు తగ్గాయి, ఐసీయూల్లో మాత్రం పెద్దగా కదల్లేదు.

మా వార్డులో ఆ ప్రశ్న అడిగింది ఒక్కరే. రెండో రోజు నుంచీ పెదనాన్న "ఒరేయ్, ఇది తీయించరా, వాకర్ పట్టుకుని నేనే బాత్రూంకి పోతా" అంటూనే ఉన్నాడు. రాత్రిళ్లు లేచి తీసుకెళ్లే పని తప్పుతుంది కదా అని, ఊరుకో పెదనాన్నా అన్నది మేమే.