కాన్పు తర్వాత మూత్రం: మొదటి ఆరు గంటలు

మామూలు కాన్పు తర్వాతైనా, సిజేరియన్ అయి మూత్రం పైపు తీసిన తర్వాతైనా ఆరు గంటల్లోపు బాలింతకు మూత్రం రావాలి. రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా నర్సుకు చెప్పాలి. వచ్చినా, ఎంత వచ్చిందో చూడాలి.

మామూలుగా 150–200 మిల్లీలీటర్లు నిండేసరికి మూత్రాశయం కబురు పెడుతుంది. నొప్పులప్పుడు బిడ్డ తల నొక్కడంతో అక్కడి నరాలు, కండరం సాగి మొద్దుబారతాయి. నడుముకు మత్తు సూది ఇస్తే ఆ స్పర్శ ఇంకా ఆలస్యంగా తిరిగొస్తుంది. లీటరు నిండినా తెలియకపోవచ్చు. పైగా గర్భంలో ఒంట్లో చేరిన నీరు బయటికి పోయేది ఈ రోజుల్లోనే. రోజుకు మూడు లీటర్ల దాకా మూత్రం తయారవుతుంది. అందుకే వచ్చినట్టు అనిపించేదాకా చూడొద్దు, మూడు నాలుగు గంటలకోసారి గడియారం చూసి వెళ్లాలి.

ఎక్కువమంది మోసపోయేది ఒకచోట. "మాటిమాటికి పోతనే ఉన్నది గదా" అంటారు ఇంటివాళ్లు. ప్రతిసారీ యాభై, వంద మిల్లీలీటర్లే వస్తుంటే అది నిండిన మూత్రాశయం పొర్లడం కావచ్చు. కొలత మగ్గులో పట్టి చూడండి. 200 కూడా దాటకపోతే, పోసిన వెంటనే స్కాన్ చేయించాలి. లోపల 150కి మించి మిగిలితే ఖాళీ కావడం లేదన్నమాట. నిండిన మూత్రాశయం గర్భసంచిని పైకి, ఎక్కువగా కుడిపక్కకు నెడుతుంది. గర్భసంచి గట్టిగా ముడుచుకోలేక రక్తస్రావం పెరుగుతుంది. మళ్లీ ఒకటి రెండు రోజులు పైపు వేస్తామంటే వద్దనకండి. అతిగా సాగిన కండరానికి ఆ విశ్రాంతి చాలా అవసరం.

కుట్ల మంటకు భయపడి ఆపుకునేవాళ్లు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ మూత్రం పోస్తే మంట తగ్గుతుంది. అయిపోయాక కాసేపు ఆగి ఇంకోసారి ప్రయత్నించాలి.

వరంగల్ పల్లెల్లో "బాలింతకు నీళ్లు ఎక్కువియ్యొద్దు, పొట్ట లేస్తది" అనే మాట ఇంకా వినబడుతుంది. పొట్టకూ నీళ్లకూ సంబంధం లేదు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మండుతుంది, మలబద్ధకం వస్తుంది. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి, పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు ఇవ్వండి.

దగ్గితే, తుమ్మితే చుక్కలు పడటం చాలామందికి ఉంటుంది. పైపు తీశాక, మూత్రాన్నీ గ్యాసునూ ఆపుకున్నట్టు కింది కండరాన్ని బిగించి వదలాలి. ఎనిమిదేసి సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఇది చేయొద్దు. జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పడుకున్నా ఆగకుండా కారుతుంటే అసలే ఆలస్యం చేయొద్దు, మూత్రాశయానికి రంధ్రం పడి ఉండొచ్చు.