హెర్పిస్ భయం: అపోహలు - వాస్తవాలు

విశాఖలో చర్మ, సుఖవ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. హెర్పిస్ (కలయిక వల్ల అంటి, జననాంగాల మీద పొక్కులు, పుండ్లు తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిందేమోనని వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంటుంది, ఒంటి మీద చూపించడానికి మాత్రం ఏమీ ఉండదు. ఒక రాత్రి కలయిక, మర్నాడు గూగుల్, ఆ మర్నాడు ఆన్‌లైన్‌లో ఓ పరీక్షల ప్యాకేజీ. ముందు డాక్టరుకి చూపించి, తర్వాత పరీక్షల సంగతి ఆలోచిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: వారంలోపు రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

తేలదు. ఆ పరీక్ష చూసేది వైరస్‌ని కాదు, దాని మీద ఒళ్ళు తయారు చేసుకునే యాంటీబాడీలను. వాటిలో ఎక్కువకాలం నిలిచే ఐజీజీ రకం పరీక్షకు అందడానికి కొన్ని వారాలు, కొందరిలో 12 నుంచి 16 వారాలు పడుతుంది. మొదటి వారంలోనే పాజిటివ్ వచ్చిందంటే అది ఆ రాత్రిది కాదు, పాతది. ఈ వైరస్‌లో రెండు రకాలు. ఎక్కువగా నోటి దగ్గర పొక్కులు తెచ్చే టైప్ 1 చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ళ ముద్దులతోనే అంటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మందిలో అది ఉంది. ఎక్కువగా జననాంగాలకు వచ్చే టైప్ 2 ఐజీజీ విలువ గీత దాటీ దాటనట్టు ఉంటే, అది తప్పుడు పాజిటివ్ కూడా కావచ్చు.

ఇక ఐజీఎం, అంటే సోకిన కొత్తలో తయారయ్యే రకం యాంటీబాడీ. అది పాజిటివ్ అయితే 'కొత్తగా సోకింది' అనుకుంటారు. హెర్పిస్‌లో ఆ లెక్క కుదరదు. పాత వైరస్ తిరగబెట్టినా అది పాజిటివ్ రావచ్చు, అసలు హెర్పిసే లేకుండా కూడా రావచ్చు. నేనైతే ఆ పరీక్ష రాయను. గర్భం పోయాక చేయించిన టార్చ్ పరీక్షలో (గర్భానికి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్షల కట్ట) హెర్పిస్ ఐజీఎం పాజిటివ్ వచ్చిందని, అత్తింట్లో నిలదీశారని ఏడ్చుకుంటూ వచ్చే ఆడవాళ్ళున్నారు. అమ్మా, ఆ కాగితం ఎవరి నడవడికకీ సాక్ష్యం కాదు. వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు.

పుండు ఉంటే సంగతి వేరు. పొక్కు పగిలి తడిగా ఉన్నప్పుడే, వీలైతే మొదటి రెండు మూడు రోజుల్లో రండి. దూదిపుల్లతో అద్ది పీసీఆర్‌కి (వైరస్‌నే నేరుగా పట్టే పరీక్ష) పంపితే వైరస్ ఉందో లేదో, ఉంటే ఏ టైపో తెలుస్తుంది. చెక్కు కట్టాక వస్తే దొరక్కపోవచ్చు.

అపోహ: అక్కడ దురద పెట్టినా, పొక్కు లేచినా హెర్పిసే.

మన ఊరి ఉక్కపోతకి గజ్జల్లో తామర రాని మగవాడు అదృష్టవంతుడు. నా దగ్గరికి హెర్పిస్ అని వచ్చేవాటిలో తామర, గజ్జి, షేవింగ్ తర్వాత లేచిన కురుపులు బోలెడు. అటువైపు, "ఏటండీ, వేడి చేసి పొక్కిందనుకున్నాను" అంటూ అసలు హెర్పిస్‌తో వచ్చేవాళ్ళూ ఉంటారు. మామూలుగా కలయిక తర్వాత 2 నుంచి 12 రోజుల్లో చిమచిమ, మంట మొదలై, చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి నొప్పి పుండ్లవుతాయి. మొదటిసారి జ్వరం, గజ్జల్లో బిళ్ళలు, మూత్రం పోసేటప్పుడు మంట కూడా ఉండొచ్చు. నొప్పి లేని పుండు ఒక్కటే కనబడితే సిఫిలిస్‌ని అనుమానించాలి, దాన్ని అసలు వదలకూడదు. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసుకుని రాకండి. రోగం రూపమే మారిపోయి మాకూ పోల్చుకోవడం కష్టమవుతుంది.

అపోహ: పుండు లేకపోతే అంటదు, కండోమ్ ఉంటే రాదు.

రెండూ సగం నిజాలే. పుండు ఉన్నప్పుడు ప్రమాదం ఎక్కువ, కానీ చర్మం మామూలుగా ఉన్న రోజుల్లో కూడా వైరస్ అప్పుడప్పుడు బయటికి వస్తుంది. కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. అయితే అది కప్పని చోట చర్మానికి చర్మం తగులుతుంది కదా. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళతో నోటి సెక్స్ వల్ల జననాంగాలకు టైప్ 1 రావచ్చు. లాడ్జి టాయిలెట్, స్విమ్మింగ్ పూల్ వల్ల వస్తుందని భయపడక్కర్లేదు.

అక్కి గురించీ అడుగుతారు. దానికి కారణం ఆటలమ్మ వైరస్. ఈ హెర్పిస్ వేరు.

అపోహ: మందు లేదు, జీవితం అయిపోయింది.

వైరస్ నరాల మూలాల్లో దాక్కుంటుంది, పూర్తిగా పోదు. మూలికలతో శాశ్వతంగా పోగొడతామనేవాళ్ళకి డబ్బు కట్టకండి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మాత్రలు త్వరగా మొదలుపెడితే పుండ్లు తొందరగా మానతాయి. మాటిమాటికీ తిరగబెట్టేవాళ్ళు రోజూ వేసుకుంటే భాగస్వామికి అంటుకునే అవకాశం కూడా తగ్గుతుంది. కాలం గడిచేకొద్దీ చాలామందిలో దాని తీవ్రత తగ్గుతుంది. గర్భిణులు మాత్రం కాన్పు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, ముఖ్యంగా చివరి నెలల్లో మొదటిసారి వస్తే. బిడ్డకి ప్రమాదం.

హెర్పిస్ కంగారులో హెచ్‌ఐవీని మరిచిపోతున్నారు. రక్షణ లేకుండా కలిసి ఇంకా 72 గంటలు దాటకపోతే, హెచ్‌ఐవీని ఆపే మందుల కోసం ఈరోజే డాక్టర్ని కలవండి. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. బయటికి వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఆ కాల్‌కి డబ్బులు పడవు.