తెరచాప పడవలో కాపురం, ఉగ్ర సముద్రంలో ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

తెరచాప పడవనే ఇల్లుగా చేసుకుని, పిల్లల చదువులు కూడా అందులోనే సాగిస్తూ దేశదేశాలు తిరిగే కుటుంబాలు దక్షిణ పసిఫిక్‌లో ఏటా కనిపిస్తాయి. అక్కడి చలికాలమైన మే నుంచి అక్టోబరు నెలలు టోంగా, ఫిజీ దీవుల్లో గడిపి, నవంబరు 1న మొదలై ఏప్రిల్ 30 వరకు సాగే తుఫానుల కాలం ముదరకముందే న్యూజిలాండ్‌కు చేరుకోవడం వారిలో చాలామందికి ఆనవాయితీ. టోంగా రాజధాని నుకుఅలోఫా నుంచి న్యూజిలాండ్ ఉత్తర భాగంలోని ఓపువా రేవుకు సుమారు 1,000 నాటికల్ మైళ్ళ (దాదాపు 1,850 కిలోమీటర్ల) దూరం ఉంటుంది. 12 మీటర్ల పడవకు అది ఏడు నుంచి పది రోజుల ప్రయాణం. ఈ దారిలో పడవలు నడపడం, బయలుదేరబోయే కుటుంబాలను సిద్ధం చేయడం నా వృత్తి. కుటుంబంతో చేసే సముద్రయానంలో పడవకన్నా ముందు మనుషులు చేతులెత్తేస్తారన్నది నా గట్టి అభిప్రాయం. కాబట్టి ప్రతి నిర్ణయమూ వారి నిద్ర, తిండి, ధైర్యం నిలబెట్టే దిశగా ఉండాలి. ఈ విషయంలో తెలుగు మిత్రులు అడిగే ప్రశ్నల్లోనూ, ఏళ్ళ తరబడి పడవల్లో తిరుగుతున్నవారి మాటల్లోనూ తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: వాతావరణ సూచన బాగున్న రోజు చూసుకుని బయలుదేరితే దారిలో గాలివాన తగలదు.

వాతావరణ సూచనను మూడు నుంచి ఐదు రోజుల వరకు బాగానే నమ్మవచ్చు. ఆ తరువాతి రోజులకు దాని విశ్వసనీయత వేగంగా పడిపోతుంది. ప్రయాణం పట్టేది వారానికి పైగా. అంటే దారి మొత్తంలో అతి కఠినమైన భాగం, న్యూజిలాండ్‌కు చేరువలో ఉండే చివరి మూడు వందల మైళ్ళు, బయలుదేరిన రోజున ఎవరూ కచ్చితంగా చెప్పలేని కాలంలోకి వస్తాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్య ఉన్న టాస్మన్ సముద్రం మీదుగా అధిక పీడన ప్రాంతాలు పడమటి నుంచి తూర్పుకు సుమారు వారానికొకటి చొప్పున సాగిపోతుంటాయి. రెండింటి నడుమ ఒక ద్రోణి, దానితో పాటు ఒక శీతల వాయుముఖం (ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు) తప్పకుండా ఉంటాయి. కాబట్టి ఆ వాయుముఖాన్ని తప్పించుకోవడం ఎలా అని కాక, దాన్ని ఎక్కడ, ఏ స్థితిలో ఎదుర్కోవాలి అని ఆలోచించాలి. అనుభవం ఉన్నవారు టోంగా నుంచి నేరుగా ఓపువా వైపు గీత గీయకుండా మొదట కొంత పడమటికి జరుగుతూ దిగుతారు. వాయుముఖం దాటాక గాలి ఒక్కసారిగా నైరుతికి మళ్ళుతుంది. అప్పటికే పడమటి వైపున ఉన్నవారికి రేవు అందుబాటులో ఉంటుంది, తూర్పున చిక్కుకున్నవారు గాలికి ఎదురు కొట్టుకుంటూ రావాలి. టోంగా ప్రధాన ద్వీపమైన టోంగాటపుకు నైరుతిగా సుమారు 260 మైళ్ళ దూరంలో ఉన్న మినర్వా పగడపు దిబ్బల మధ్య లంగరు వేసి, తరువాతి అధిక పీడనం కోసం కొన్ని రోజులు ఆగడం కూడా ఇందుకే. అక్కడ ఆగడాన్ని కాలయాపనగా భావించే వారితో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సూచనలో 30 నాట్స్ (గంటకు 30 నాటికల్ మైళ్ళు) అని ఉంటే అది సగటు వేగం. విసురు గాలులు అంతకన్నా 40 శాతం వరకు ఎక్కువగా ఉండవచ్చు. అల ఎత్తు నాలుగు మీటర్లు అని ఉంటే, అది మొత్తం అలల్లో పెద్దవైన మూడోవంతు అలల సగటు మాత్రమే. వాటి మధ్య అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల వస్తుంది. అధిక పీడనం అన్న మాట వినగానే ప్రశాంత వాతావరణం అని అనుకోవడం కూడా పొరపాటే. దక్షిణాన బలమైన అధిక పీడనం, ఉత్తరాన అల్పపీడనం నిలిచినప్పుడు ఆ రెండింటి నడుమ ఇరుకున గాలి రోజుల తరబడి హోరెత్తుతుంది.

అపోహ: 20 నాట్స్ గాలికి అలవాటు పడినవారికి 40 నాట్స్ అంటే రెండింతల కష్టం, అంతే.

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. 20 నుంచి 30కి పెరిగినా ఒత్తిడి రెండింతలు దాటుతుంది. అందుకే తెరచాపను కుదించాలా వద్దా అన్న సందేహం మనసులో కలిగిన మొదటి క్షణమే కుదించడానికి సరైన సమయం. కుటుంబం ఉన్న పడవలో చీకటి పడకముందే, గాలి ఎలా ఉన్నా, ఒక మడత ఎక్కువే వేసి ఉంచాలని నేను పట్టుబడతాను.

అపోహ: అల ఎంత ఎత్తుగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ.

మహాసముద్రంలో ఆరు మీటర్ల ఎత్తున నిదానంగా వచ్చే దీర్ఘ తరంగం మీద పడవ పైకి లేచి కిందికి దిగుతుంది; లోపల పిల్లలు బొమ్మలు వేసుకుంటూ ఉండగలరు. పడవను పడగొట్టేది విరిగే అల, అంటే శిఖరం ముందుకు ఒరిగి కుప్పకూలే అల. 1979 ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల పోటీలో గాలివాన వల్ల జరిగిన ప్రాణనష్టం తరువాత ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో నమూనా పడవలతో నీటి తొట్లలో పరీక్షలు చేశారు. పడవ పొడవులో సుమారు మూడోవంతు ఎత్తున్న విరిగే అల పక్క నుంచి తగిలితేనే కొన్ని పడవలు తలకిందుల దాకా వెళ్ళాయి; సగానికి మించిన ఎత్తున్న అలను ఏ ఆకృతీ నిలకడగా తట్టుకోలేదు. 12 మీటర్ల పడవకు ఆ మొదటి హద్దు నాలుగు మీటర్లే. అయితే ఆ అల పక్క నుంచి తగలాలి, సరిగ్గా పడవ మీదే విరగాలి. అలకు పడవ ప్రక్కను అప్పగించకుండా ఉండటమే ఇక్కడ నేర్చుకోవలసిన విద్య.

మన దారిలో ఇటువంటి అలలు ఎప్పుడు లేస్తాయో కొంతవరకు ముందే చెప్పవచ్చు. వాయుముఖం వచ్చే ముందు వాయవ్య గాలి బలపడుతుంది, బారోమీటర్ దిగుతుంది, అలలు ఒకే దిశలో వరసగా వస్తాయి. వాయుముఖం దాటిన కొద్ది నిమిషాల్లోనే గాలి నైరుతికి మారుతుంది, ఆకాశం విచ్చుకుంటుంది, బారోమీటర్ లేస్తుంది. గండం గడిచిందని కాక్‌పిట్‌లో (పడవ నడిపేవారు కూర్చునే చోట) ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకునేది అప్పుడే. కానీ పాత వాయవ్యపు అలలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. కొత్త నైరుతి అలలు వాటి మీదుగా అడ్డంగా వచ్చి, రెండూ కలిసిన చోట నిలువునా లేచి విరుగుతాయి. ఆ తరువాతి కొన్ని గంటలు తలుపు పలకలు బిగించి, కాక్‌పిట్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తాడుతో పడవకు కట్టుకునే ఉండాలి.

అపోహ: గాలి ముదిరితే వీలైనంత త్వరగా దగ్గరి ఒడ్డు చేరాలి.

తీరంలో పెరిగిన మనందరికీ ఒడ్డే రక్ష అనిపిస్తుంది. కాకినాడ నుంచి గానీ భీమిలి నుంచి గానీ ఒక్కరోజు వేటకు వెళ్ళే పడవ హెచ్చరిక రాగానే వెనక్కి రావడం సరైనదే. నడిసంద్రంలో ఉన్న తెరచాప పడవకు మాత్రం లోతైన నీళ్ళు, చుట్టూ ఖాళీ ఉన్నంతకాలం భద్రత ఉంటుంది. ఒడ్డు దగ్గర నీటిలోతు తగ్గేకొద్దీ అలలు నిలువుగా లేస్తాయి. గాలి ఒడ్డు వైపుకే వీస్తుంటే తప్పించుకునే చోటు ఉండదు.

ఇక్కడ కుటుంబాలకు నేను అన్నిటికన్నా ముందు నేర్పేది, పడవను సముద్రం మధ్యలోనే ఆపుకోవడం. ముందువైపు తెరచాపను గాలి వచ్చే వైపుకే లాగి కడతాము. అది పడవ ముక్కును గాలి నుంచి పక్కకు నెడుతుంది. కుదించిన ప్రధాన తెరచాప, గాలికి ఎదురు తిప్పేలా బిగించి కట్టిన చుక్కాని ఆ ముక్కును మళ్ళీ గాలి వైపుకు తెస్తాయి. ఈ రెండు శక్తులూ ఒకదాన్నొకటి సరితూచుకున్నప్పుడు పడవ గాలికి ఏటవాలుగా నిలిచి, గంటకు ఒకటి రెండు మైళ్ళ చొప్పున నెమ్మదిగా పక్కకు కొట్టుకుపోతుంది. గాలి వచ్చే వైపున నీటి మీద నునుపైన చార ఏర్పడి అలలు విరగడాన్ని కొంత తగ్గిస్తుంది. దీన్ని మొదటిసారి చూసినవారికి కలిగే ఆశ్చర్యం చెప్పనలవి కాదు: గాలి అంతే ఉంటుంది, కానీ పడవలో మోత సగానికి సగం తగ్గి, గిన్నె బల్ల మీద నిలబడుతుంది. తల్లి వండగలదు, తండ్రి రెండు గంటలు పడుకోగలడు. లోతు తక్కువ కీల్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే బరువైన భాగం) ఉన్న కొత్తరకం పడవలు అంత తేలికగా ఇలా నిలబడవు. ఏ తెరచాప ఎంత కుదిస్తే తమ పడవ నిలుస్తుందో 20 నాట్స్ గాలిలోనే పరీక్షించి రాసిపెట్టుకోవాలి.

పెద్ద అలలు విరగడం మొదలయ్యాక ఇది చాలదు. అప్పుడు వెనుక నుంచి నీళ్ళలోకి వదిలే నిరోధక తాడు కావాలి. డొనాల్డ్ జోర్డాన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన సాధనంలో పొడవాటి తాడుకు వందకు పైగా చిన్న గుడ్డ శంకువులు ఉంటాయి. అమెరికా కోస్ట్ గార్డ్ దానిపై 1987లో నివేదిక వెలువరించింది. పడవ అల మీద నుంచి జారబోతున్నప్పుడు ఆ శంకువులన్నీ కలిసి వెనక్కి పట్టి ఉంచుతాయి, పడవ అడ్డం తిరగదు, చుక్కాని దగ్గర ఎవరూ కూర్చోనవసరం లేదు. పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న పడవకు ఈ చివరి లక్షణం ఎంతో విలువైనది. దాన్ని కట్టే పలకలు మాత్రం పడవ వెనుక మూలల్లో చాలా గట్టిగా బిగించి ఉండాలి.

అపోహ: ఇలాంటి ప్రయాణంలో ముందుగా దెబ్బతినేది పిల్లలే.

రెండేళ్ళలోపు పసివాళ్ళకు సముద్రపు వికారం అరుదు. ఆ పై వయసు పిల్లలకు మొదటి రెండు రోజులు ఎక్కువగానే ఉంటుంది, తరువాత చాలామంది తేరుకుంటారు. వాంతుల వల్ల ఒంట్లో నీరు తగ్గిపోవడమే వారి విషయంలో అసలు ప్రమాదం. ఓఆర్‌ఎస్ ద్రావణాన్ని గ్లాసుతో ఒకేసారి తాగిస్తే మళ్ళీ వాంతి అవుతుంది. ఐదు నిమిషాలకొక చెంచా చొప్పున ఇస్తే నిలుస్తుంది. వికారం మందులు పెద్దలవి పిల్లలకు ఇవ్వరాదు. వయసు, బరువు ప్రకారం ఏది ఎంత ఇవ్వాలో పిల్లల వైద్యుని చేత ముందే రాయించుకుని, లంగరు ఎత్తకముందే మొదటి మోతాదు ఇవ్వాలి.

తల్లిదండ్రుల సంగతి వేరు. ఇద్దరే వంతులవారీగా కాపలా కాస్తూ, మధ్యలో పిల్లలను చూసుకుంటూ, నాలుగో రోజుకు వచ్చేసరికి తాడు ముడి కూడా సరిగా వేయలేని స్థితికి చేరుకుంటారు. తప్పుడు నిర్ణయాలు అక్కడే పుడతాయి. అందుకే అదనంగా ఒక పెద్దమనిషిని తోడు తీసుకోమని, దొరకనప్పుడు అలసట ముదరకముందే పైన చెప్పిన విధంగా పడవను ఆపి విశ్రమించమని చెబుతాను. పిల్లలు పడుకునే మంచాలకు దొర్లి పడకుండా గుడ్డ అడ్డుతెర కట్టాలి, అది కూడా పడవ ఊపు తక్కువగా ఉండే నడిమి భాగంలో.

వంటగది విషయంలో మన ప్రెషర్ కుక్కర్‌ను మించినది లేదు. మూత బిగించి ఉంటుంది కాబట్టి పడవ ఎంత వాలినా లోపలి అన్నం, పప్పు ఒలికిపోవు. మొదటి రెండు రోజులకు పులిహోర వంటివి రేవులోనే వండి పెట్టుకోవడం మంచిది. ఉగ్ర సముద్రంలో మరిగే నీళ్ళు మీద పడి కాలిన గాయాలు చాలా ప్రమాదకరం. పొయ్యి దగ్గర నిలబడేవారు వేసవి వేడిలోనైనా వానకోటు ప్యాంటు వేసుకోవాలి, ఆ సమయంలో పిల్లలు తమ మంచాల్లోనే ఉండాలి.

అపోహ: పరిస్థితి విషమిస్తే లైఫ్ రాఫ్ట్ (గాలి నింపే ప్రాణరక్షక తెప్ప) ఎక్కడమే మంచిది.

1979 ఫాస్ట్‌నెట్ పోటీలో 15 మంది పోటీదారులు మరణించారు. సిబ్బంది వదిలివెళ్ళిన 24 పడవల్లో 19 తరువాత తేలుతూనే దొరికాయి. 1994 జూన్‌లో న్యూజిలాండ్ నుంచి టోంగాకు బయలుదేరిన పడవల సమూహం తీవ్రంగా బలపడిన అల్పపీడనంలో చిక్కుకుంది. ఒక పడవలోని ముగ్గురు గల్లంతయ్యారు, ఏడు పడవల నుంచి 21 మందిని కాపాడారు. అప్పుడు కూడా వదిలేసిన పడవల్లో కొన్ని తరువాత తేలుతూ కనిపించాయి. గాలికి బంతిలా ఎగిరే రాఫ్ట్ కన్నా సగం నీళ్ళు నిండిన పడవే మేలు. పడవ నిజంగా మునుగుతున్నప్పుడు, లేదా ఆర్పలేని మంటలు లేచినప్పుడు మాత్రమే రాఫ్ట్ ఎక్కాలి.

పడవ బోర్లపడి లేచినప్పుడు లోపలివారిని గాయపరిచేది ఎక్కువగా సామానే. బ్యాటరీలు, పొయ్యి, నేల పలకలు, డబ్బాల అరలు అన్నిటికీ గొళ్ళాలు ఉన్నాయా అని బయలుదేరే ముందు ఒక్కొక్కటీ చేత్తో లాగి చూడాలి.

అపోహ: బీకన్ (ఆపదలో సంకేతం పంపే పరికరం) మీట నొక్కితే కొద్ది గంటల్లో హెలికాప్టర్ వస్తుంది.

406 మెగాహెర్ట్జ్ బీకన్ ఇచ్చే సంకేతం ఉపగ్రహాల ద్వారా నిమిషాల్లో చేరవచ్చు. కానీ న్యూజిలాండ్ బాధ్యత వహించే గాలింపు ప్రాంతం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో అత్యధిక భాగం హెలికాప్టర్‌కు అందదు. సహాయంగా వచ్చేది దారి మళ్ళించిన సరుకు ఓడ కావచ్చు, అదీ ఒకటి రెండు రోజుల తరువాత. 2018 సెప్టెంబరు 21న భారత నావికాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో బోర్లపడి తెరచాప స్తంభాలు విరిగాయి, ఆయన వెన్నుకు తీవ్రమైన గాయం అయింది. ఫ్రెంచి నౌక ఓసిరిస్ ఆయన్ను చేరుకున్నది 24న. మూడు రోజుల పాటు తమను తాము కాపాడుకోగలిగేలా మందులు, నీళ్ళు, పంపులు సిద్ధంగా ఉండాలి. బీకన్‌ను నమోదు చేయించి, ప్రయాణ వివరాలు తెలిసిన బంధువు ఫోను నంబరును అందులో ఇవ్వడం మరువరాదు. గాలింపు కేంద్రం మొదట ఫోను చేసేది వారికే.

అపోహ: నేల కనిపించిందంటే ప్రమాదం తప్పినట్టే.

చివరి రాత్రి అందరూ అలసిపోయి ఉంటారు, చేరాలన్న ఆత్రుత ఎక్కువగా ఉంటుంది. తీరం దగ్గర చేపల పడవలు, సరుకు ఓడలు, రాళ్ళు అన్నీ ఎదురవుతాయి. ఓపువాకు దారితీసే బే ఆఫ్ ఐలాండ్స్ విశాలమైనది, లోతైనది. పగలు ప్రవేశం సులభం. అర్ధరాత్రికి చేరేలా ఉంటే తీరానికి 30 మైళ్ళ దూరంలో, గాలి ఒడ్డు వైపు వీయడం లేదని నిర్ధారించుకుని, పడవను ఆపి తెల్లవారే వరకు వేచి ఉండాలి. గాలి ఒడ్డు వైపే వీస్తుంటే ఆ నిర్ణయాన్ని ఒక రోజు ముందే తీసుకుని, ఇంకా దూరంలో ఉండగానే వేగం తగ్గించుకోవాలి.