చదువుకొనే పిల్లలకు ఓటూ రాజకీయాలూ ఎందుకు? కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరులోని ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తూ ఓటరు నమోదు పని కూడా చూస్తున్న నాకు, అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చే విద్యార్థుల నోటా వారి తల్లిదండ్రుల నోటా ఏటా అవే మాటలు వినబడుతుంటాయి.

అపోహ: ఓటు సొంత ఊళ్లోనే ఉండాలి.

వాస్తవం: గుర్తింపు పొందిన, కనీసం ఏడాది వ్యవధి గల కోర్సు చదివే విద్యార్థి తల్లిదండ్రుల ఊళ్లోనైనా, తాను ఉంటున్న హాస్టల్ చిరునామాలోనైనా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే రెండుచోట్లా ఉంచుకోవడానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. నిరుడు హిందూపురం అమ్మాయి ఒకతె కొత్తగా పేరు చేర్చడానికి వాడే ఫారం 6 నింపుతూ, మరెక్కడా తన పేరు లేదని ధ్రువీకరించే చోట కలం ఆపి, "సార్, మా నాన్న ఊళ్లో రాయించేశారేమో" అంది. ఫోన్ చేస్తే నిజమే. ఆ కాగితం పక్కన పెట్టి, చిరునామా మార్పునకు వాడే ఫారం 8 ఆమె చేతికిచ్చాను. హాస్టల్‌లో ఉంటున్నట్టు ప్రిన్సిపాల్ ఇవ్వవలసిన ధ్రువపత్రం మాత్రం మా కార్యాలయంలోనే ముద్ర కోసం ఎనిమిది రోజులు పడి ఉంది. జనవరి 25న ఓటర్ల దినోత్సవానికి ప్రతిజ్ఞ చేయించడానికి మాకు పది నిమిషాలు చాలు. ముద్రకే తీరిక ఉండదు.

అపోహ: జనవరి 1 నాటికి 18 నిండకపోతే మరో ఏడాది ఆగాలి.

ఇది పాత మాట. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ లెక్కకు వస్తాయి. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు.

అపోహ: విద్యార్థి ఎన్నికలు వద్దని సుప్రీంకోర్టే చెప్పింది.

వాస్తవం: విద్యార్థి సంఘాల ఎన్నికలను పరిశీలించిన లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో న్యాయస్థానం అమలు చేయమంది. అవి ఎన్నికలు జరపాలనే చెప్పాయి. పార్టీల ప్రమేయం ఉండరాదని, అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలని, ఖర్చు 5,000 రూపాయలు దాటరాదని షరతులు పెట్టాయి. కర్ణాటకలో మాత్రం విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. అధ్యాపకులు నియమించే క్లాస్ లీడర్ (మా దగ్గర హాజరుపట్టీ మోయడమే అతని పదవి) తోటివారికి జవాబు చెప్పవలసిన అవసరం లేదు. ఎన్నికైనవాడికి అది తప్పదు.

అపోహ: ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) అంటే చీపురు పట్టడమే.

ఈ అపోహకు సగం కారణం మేమే. ఏడాదికి 120 గంటల సేవలో కొంత భాగాన్ని సమాచార హక్కు దరఖాస్తుకు మళ్లించాను. మా గేటు ముందు మూత లేని కాలువ గురించి పిల్లలు మొదట రాసినది రెండు పేజీల ఆవేశం. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయంపై, 150 పదాలు మించకుండా ఉండాలి. కొట్టివేతలన్నీ అయ్యాక మూడు ప్రశ్నలు మిగిలాయి: పని ఎప్పుడు అప్పగించారు, ఎంత మంజూరైంది, ఎవరు చేయాలి. పది రూపాయల రుసుముతో పంపాము. గడువు 30 రోజులు. 27వ రోజున జవాబు కన్నడంలో వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివిన కోలారు కుర్రాడు దానిని తరగతికి చదివి వినిపించాడు.