మూడంతస్తుల అక్షరం

నల్లగొండ బస్టాండులోకి వస్తున్న బస్సు బోర్డు మీద ‘కల్వకుర్తి’ అన్న పేరును ఒకసారి నిదానంగా చూడండి. ‘క’కు తలకట్టు పైన కూర్చుంది, ‘ల్వ’ దగ్గర వకారపు ఒత్తు కిందికి దిగింది, ‘ర్తి’ దగ్గరికి వచ్చేసరికి గుడి పైనా తకారపు ఒత్తు కిందా చేరి ఒక్క అక్షరమే మూడంతస్తులు కట్టింది. ఇదే పేరును ఇంగ్లిషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలలో రాస్తే పైకి గానీ కిందికి గానీ ఏదీ పోదు. అచ్చు పనిలో ఒక వరుస నుంచి మరో వరుసకు అక్షరం సైజులో 120 శాతం ఎడం ఉంటే చాలునన్న లెక్క ఆ లిపిని చూసి పుట్టింది. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు కనుక, 12 పాయింట్ల అక్షరానికి ఆ ఎడం 14.4 పాయింట్లు అవుతుంది. తెలుగుకు కూడా అంతే ఇస్తే చాలా ఫాంట్లలో పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడి మీద కాలు మోపుతుంది. 150 శాతం కన్నా తగ్గించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒత్తులు దండిగా ఉండే పద్యాలకు ఇంకొంత కావాలి.

తెలుగులో పెద్దబడి అక్షరాలు లేవు కాబట్టి ఒక మాటను ఎత్తి చూపాలంటే సైజు, మందం, రంగు, చుట్టూ వదిలే ఖాళీయే మనకు ముఖ్య సాధనాలు. వీటిలో మందాన్నే మన ఫ్లెక్సీల వాళ్లు ఎక్కువగా నమ్ముకుంటారు, చిక్కంతా అక్కడే వస్తుంది. ‘ధ’ కడుపులో చుక్క పెడితే ‘థ’ అవుతుంది. అక్షరాన్ని బోల్డ్ చేసినప్పుడు గీత బయటికే కాక లోపలికి కూడా లావెక్కి, చుక్క చుట్టూ ఉన్న సందును మింగేస్తుంది, జాతర ఫ్లెక్సీ మీది ‘రథోత్సవం’ దూరానికి ‘రధోత్సవం’ అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కంటికి ఒక సందు సందుగా కనబడాలంటే అది కంటి వద్ద సుమారు డిగ్రీలో 60వ వంతు కోణం చేయాలి. 30 మీటర్ల దూరానికి లెక్క కడితే ఆ సందు దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. కాబట్టి రోడ్డు అవతలి నుంచి చదవవలసిన బోర్డుకు అక్షరం ఎత్తు ఎంతో చూసుకుంటే సరిపోదు, ‘థ’ కడుపులో చోటెంతో కూడా కొలవాలి.

రంగుల విషయంలో చదువరి కంటికి రంగు పేరుకన్నా వెలుగులోని తేడా ముఖ్యం. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణంలో మామూలు సైజు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. తెర మీద పసుపుపచ్చ నేలపై నల్ల అక్షరానికి అది 19 దాటుతుంది. తెల్లని నేలపై అదే పసుపుకు 1.07 మాత్రమే. నీలం మీద ఎరుపు రాస్తే 2.15. పైగా కంటి కటకం నీలాన్ని ఎక్కువగానూ ఎరుపును తక్కువగానూ వంచుతుంది కనుక రెండూ ఒకేసారి స్పష్టంగా కుదురుకోవు, అంచులు అదురుతున్నట్టు ఉంటాయి.

మా ఇంట్లో ఒక పెండ్లికి మెరూన్ అట్ట మీద బంగారు రేకుతో పత్రికలు అచ్చు వేయించాము. ప్రెస్సులో ట్యూబులైటు కింద చూసి అందరమూ మురిసిపోయాము. మా పెద్దనాయన ఆ పత్రికను వాకిట్లో ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి, చివరికి “లగ్గం ఎన్ని గొట్టంగ ఉన్నది బిడ్డా?” అని అడిగాడు. రేకు అద్దంలాంటిది; పడిన వెలుతురును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది కాబట్టి, పత్రిక కదిలినప్పుడల్లా అక్షరం ఒకసారి తళుక్కుమని మరోసారి అట్టలో కలిసిపోతుంది.

బంగారాన్ని ఎక్కడ వాడాలో గద్వాల చీరను దండెం మీద పరిస్తే తెలుస్తుంది. నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. జరీ ఆర్భాటమంతా ఆ అంచుకూ కొంగుకూ వదిలి నడిమి భాగాన్ని నెమ్మదిగా ఉంచుతారు. చూపు ముందు కొంగు మీద పడి, అంచు పట్టుకొని సాగిపోతుంది. పత్రికలో వధూవరుల పేర్లు కొంగు అనుకుంటే తేదీ, సమయం, వేదిక ఒకచోట దగ్గరగా చేరి, మిగతా బంధువుల పేర్ల నుంచి కాస్త దూరంగా ఉండాలి. దగ్గరగా ఉన్నవాటిని ఒక గుంపుగా చూడడం కంటికి అలవాటు. గీతలూ డబ్బాలూ గీయనవసరం లేదు. ఖాళీ వదిలితే డబ్బులు దండగయ్యాయని అనుకునే వారికి ఈ మాట నచ్చచెప్పడం మాత్రం కష్టమే.

ఫ్లెక్సీ కొట్టించే ముందు ఒక పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. 6 అడుగుల వెడల్పు ఫ్లెక్సీ నమూనాను ఏ4 కాగితం మీద అడ్డంగా, అంచుల దాకా అచ్చు తీసి గోడకు అంటించి 5 మీటర్లు వెనక్కి నడవాలి. 30 మీటర్ల నుంచి అసలు ఫ్లెక్సీ కంటికి ఎంత కనబడుతుందో ఈ కాగితమూ సుమారుగా అంతే కనబడుతుంది. ‘రథోత్సవం’లో చుక్క అప్పటికీ దొరకకపోతే, బోల్డ్ తీసేసి, పక్కనున్న ఫొటోలలో ఒకటి తగ్గించి, ఆ చోటును అక్షరానికి ఇవ్వడానికి ఇంకా సమయం ఉంటుంది.